ముదరడం వేరు, పండడం వేరు



కూరల బజారులో బెండకాయలు కొనేటప్పుడు మనలో ఎవరమైనా ఒక పని చేస్తాం. కాయ కొస పట్టుకుని పుటుక్కున విరిచి చూస్తాం. విరిగితే లేతది. వంగి వూరుకుంటే ముదిరింది. "అమ్మా, అన్నీ అలా విరిచేస్తే నేనెవరికి అమ్ముకోను?" అని బండివాడు గొణుగుతూనే వుంటాడు, మనం వినిపించుకోం. ఆనపకాయైతే గోరు దించి చూస్తాం. మొక్కజొన్న కండె అయితే గింజ నొక్కి చూస్తాం, పాలు చిందాలి. ఈ లేత, ముదురు అనే రెండు మాటలు లేకుండా వంటింట్లో మనకు ఒక్క పూట గడవదు.

చిత్రమేమిటంటే, కూరగాయలకి వాడే ఈ మాటల్నే మనం మనుషులకీ వాడతాం. లేత వయసు అంటాం. "వాడా, పెద్ద ముదురు" అంటాం. చిన్నతనానికీ పెద్దతనానికీ మన భాషలో వున్న మాటలు చాలామటుకు తోటలోంచీ, పొలంలోంచీ, పొయ్యి దగ్గరనుంచీ వచ్చినవే. ఏ మాట ఎక్కడ పుట్టిందో, దాన్ని ఎవరిమీద ఎలా ప్రయోగిస్తున్నామో ఇవాళ కాస్త నింపాదిగా చూద్దాం. ఇదేదో పండితుల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఈ మాటల వల్ల మన ఇళ్ళల్లో బాగుపడేవాళ్ళూ వున్నారు, నొచ్చుకునేవాళ్ళూ వున్నారు.

ముందు లేత సంగతి. రంగుల్లో లేత నీలం, ముదురు నీలం. చీరెల కొట్లో ఈ మాటలు అనకుండా బయటికొచ్చిన ఆడది వుండదు. పాకంలో లేతపాకం, ముదురుపాకం. అరిసెల పాకం లేతగా వుంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే మర్నాటికి రాయి. పొద్దున్నే వచ్చేది లేత ఎండ. "ఎండ ముదరకముందే వెళ్ళి రా" అని పిల్లల్ని తరుముతాం. జబ్బు ముదురుతుంది, తగాదా ముదురుతుంది. అప్పు సంగతి సరేసరి.

ఈ లేత అన్న మాట చాలా పాతది. మన పక్కింటి అరవావిడ లేత కొబ్బరినీళ్ళని ఇళనీర్ అంటుంది. కన్నడం ఆవిడ ఎళనీరు అంటుంది. వాళ్ళ ఇళ, ఎళ, మన ఎల, లేత అన్నీ ఒక తల్లి పిల్లలే. తెలుగులో మాట మొదట్లో వున్న అచ్చు పక్కకి జరిగి, హల్లు ముందుకు రావడం ఒక అలవాటు. అరవంలో ఉరల్ మన దగ్గర రోలు అయింది. వాళ్ళ ఇరండు మన రెండు అయింది. అలాగే ఎల కాస్తా లే అయింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో అచ్చయిన తమ పుస్తకంలో తెలుగు మాటల్లో ఇలాంటి మార్పులు ఎలా జరిగాయో వివరంగా చర్చించారు. లేగదూడలో వున్నది ఈ లేతే. పాత కావ్యాల్లో ఆడవాళ్ళని లేమ అనీ, ఎలనాగ అనీ అన్నది కూడా ఈ లేతదనాన్ని చూసే. సంగీత దర్శకుడు ఇళయరాజా పేరులో వున్న ఇళయ కూడా ఇదే మాట.

పసి అన్నది మరో ముచ్చటైన మాట. పసిపాప, పసికందు, పసిగుడ్డు. ఈ పసి, మన పచ్చి, పచ్చ, పసుపు, పసరు అన్నీ దగ్గర చుట్టాలు. పసిపాప అంటే ఇంకా పచ్చిగా వున్న పాప అన్నమాట. కొత్తగా పురుడు పోసుకున్న తల్లిని పచ్చి బాలింత అంటాం. చిగురాకుకీ, చంటిబిడ్డకీ, బాలింతకీ ఒకటే జాగ్రత్త కావాలని ఆ మాటలోనే వుంది.

ఇక ముదురు. దీని కుటుంబమూ పెద్దదే. అరవంలో ముదియోర్ అంటే వయసు మీరిన పెద్దలు. కన్నడంలో ముదుక అంటే ముసలాయన, ముదుకి అంటే ముసలావిడ. మనకి ముదిమి, ముదుసలి వున్నాయి. ముదరడం అంటే అసలు తిట్టు కాదు, ఎదిగి గట్టిపడడం. అంతే.

కానీ ఎదిగి గట్టిపడడం ఒకటే ఎదగడం కాదని మన వాళ్ళకి ఏనాడో తెలుసు. అందుకే రెండో మాట పెట్టుకున్నారు. అది పండడం. బెండకాయ ముదురుతుంది, మామిడికాయ పండుతుంది. రెండూ రోజులు గడిచినందువల్ల జరిగేవే. ఒకటి పీచు కడుతుంది, ఇంకొకటి తీపెక్కుతుంది. తెలుగులో పండు అన్న మాటకి వున్నంత గౌరవం మరే మాటకీ లేదేమో చూడండి. పైరు పండుతుంది. గోరింటాకు పండుతుంది, తెలంగాణ అక్కయ్యలు మైదాకు అంటారు, పండడం మాత్రం అక్కడా పండడమే. నోము పండుతుంది. కడుపు పండుతుంది. పున్నమినాటిది పండువెన్నెల. అనుభవం వున్నవాళ్ళు తలపండినవాళ్ళు. నిండు జీవితం గడిపినావిడ పండుముత్తైదువ. రాలిపోయే ఆకుని కూడా ఎండుటాకు అనేముందు పండుటాకు అన్నారు మనవాళ్ళు. దాన్ని చూసి పసిరాకు నవ్విందని సామెత. తనకీ ఆ రోజు వస్తుందని పసిరాకుకి తెలియదు పాపం.

అన్నట్టు, పండితుడు మాత్రం ఈ పండులోంచి వచ్చినవాడు కాదు. అది సంస్కృతం.

పచ్చిదనానికీ పండడానికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో కూడా మన భాషకి తెలుసు. మామిడి చెట్టునే చూడండి. పూత, పిందె, కాయ, దోరకాయ, పండు. తాటిచెట్టుదైతే ఇంకా తమాషా. వేసవిలో లేత ముంజె. ఆ కాయని అలాగే వుంచితే ఘుమఘుమలాడే తాటిపండు. ఆ టెంకల్ని పాతిపెడితే చలికాలానికి తేగలు. కొబ్బరికి లేతబొండం, కాయ, చెట్టునో అటకమీదో ఎండితే కురిడీ. తెలంగాణలో ఎండు కొబ్బరిచిప్ప కుడుక. ఏ దశలో దానికి పేరుంది, ఏ దశలో దానికి వాడకం వుంది. ముంజె గొప్పదా, తేగ గొప్పదా అని ఎవరైనా అడుగుతారా?

ముదురుకి కూడా దాని విలువ దానికుంది సుమండీ. ఆవకాయకి టెంక కట్టిన ముదురుకాయే కావాలి. లేతకాయతో పెడితే ముక్క మెత్తబడిపోయి, వర్షాకాలం దాటకుండానే జాడీ అడుగున గుజ్జు మిగులుతుంది. బీరకాయ విత్తనం కావాలంటే తీగమీదే ముదరనివ్వాలి. ఆనపకాయ, అదే సొరకాయ, ముదిరి ఎండితే బుర్ర అవుతుంది. పూర్వం పొలానికి వెళ్ళేవాళ్ళు నీళ్ళు పోసుకెళ్ళింది అందులోనే. తంబురాకి నాదం ఇచ్చేదీ అలాంటి బుర్రే. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, ఏడాది నిలవున్న బియ్యం పొడిపొడిగా, ఒదుగుగా వుంటుంది. ఇవన్నీ మనకి ఎవరూ చెప్పనక్కరలేదు.

మరి కూరగాయల విషయంలో ఇంత వివేకం వున్న మనం మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఏం చేస్తున్నాం?

బ్రహ్మచారి ముదిరినా బెండకాయ ముదిరినా పనికిరావని ఒక సామెత వుంది. మగపిల్లాడి విషయంలో అది హాస్యం. నలుగురూ నవ్వుతారు, వాడూ నవ్వుతాడు, మర్నాడు మరో సంబంధం వస్తుంది. అదే మాట ఆడపిల్ల దగ్గర హాస్యం కాదు. ముప్ఫయ్యేళ్ళ అబ్బాయిని కుర్రాడు అంటాం. ముప్ఫయ్యేళ్ళ అమ్మాయికి పెళ్ళి కాకపోతే "వయసు ముదిరిపోయింది" అంటాం. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, ఒకే కాలేజీలో చదివారు. ఒకరు లేత, ఒకరు ముదురు ఎలా అయ్యారు?

చిన్నపిల్లల విషయంలోనూ అంతే. ఎనిమిదేళ్ళ పిల్లవాడు పెద్దల మాటలకి ఎదురు ప్రశ్న వేస్తే "ఎంత చురుకో" అని మురిసిపోతాం. అదే ప్రశ్న ఎనిమిదేళ్ళ పిల్ల వేస్తే "ముదురు మాటలు" అంటాం. పిందెలోనే పండిపోయిందంటాం. ఆ మాట నాలుగుసార్లు విన్న పిల్ల అయిదోసారి ప్రశ్న అడగదు. మనం దానికి నేర్పింది వినయం అనుకుంటాం, నిజానికి నేర్పింది నోరుమూసుకోవడం.

వయసు అన్న మాటనే తీసుకోండి. వయసు అంటే ఎన్నేళ్ళన్న లెక్క. కానీ "వయసొచ్చింది" అంటే యౌవనం వచ్చిందని. "వయసు మళ్ళింది" అంటే ఆ యౌవనం పోయిందని. అంటే వున్న ఆ పదేళ్ళో పదిహేనేళ్ళో మాత్రమే వయసు, ముందూ వెనకా వున్నదంతా లెక్కలోకి రాదన్నమాట! వృద్ధ అన్న సంస్కృతం మాట అలా కాదు. దాని అర్థం పెరిగినది అని. వృద్ధి, వృద్ధులు ఒకే ధాతువులోంచి వచ్చాయి. మనం బాంకులో తీసుకునే వడ్డీ కూడా ఆ వృద్ధిలోంచి పుట్టిందే. వృద్ధురాలంటే తరిగిపోయినావిడ కాదు, వడ్డీతో సహా పెరిగినావిడ.

ప్రౌఢ అన్నది ఇంకో మాట. మన దగ్గర ప్రౌఢ అంటే ముప్ఫయ్యో నలభయ్యో దాటిన స్త్రీ. అలంకారశాస్త్రంలో నాయికల్ని ముగ్ధ, మధ్య, ప్రౌఢ అని విభజించారు. లోకం తెలియనిది ముగ్ధ, తెలిసినది ప్రౌఢ. పుస్తకాలకి పెట్టినప్పుడు మాత్రం ఈ మాటకి ఎంతో గౌరవం. చిన్నయసూరిగారు బాలవ్యాకరణం రాస్తే, దానిలో మిగిలిపోయిన సంగతుల్ని చేర్చి బహుజనపల్లి సీతారామాచార్యులుగారు ప్రౌఢవ్యాకరణం రాశారు. కర్ణాటకలో హైస్కూలుని ప్రౌఢశాలె అంటారు. పదమూడేళ్ళ పిల్లలు అక్కడ ప్రౌఢశాలెకి వెళ్ళి హాయిగా చదువుకుంటున్నారు. మాట ఒకటే, ఒక చోట బడి తలుపు తెరుస్తుంది, ఇంకో చోట వయసు గుర్తుచేస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన మాట దగ్గరికి వస్తాను. అది పెద్దమనిషి.

మగవాడు పెద్దమనిషి అనిపించుకోవాలంటే ఏళ్ళు పడుతుంది. నలుగురి తగాదాలు తీర్చాలి, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. యాభయ్యేళ్ళు వచ్చినా కొందరికి ఆ పేరు రాదు. మన ఆడపిల్ల మాత్రం పన్నెండో పదమూడో ఏట ఒక్క రోజులో పెద్దమనిషి అయిపోతుంది. నిన్న తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్లకి ఇవాళ చాపమీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపిస్తాం. సంబరం చేసుకోవడం తప్పని నేననను. పిల్ల ఆరోగ్యంగా ఎదుగుతోందన్న సంతోషం ఎవరికుండదు? కానీ ఆ మాట వెనకనే వచ్చే మాటలున్నాయే, "ఇంకా ఆటలేమిటి", "గట్టిగా నవ్వకు", "ఎన్నాళ్ళని చదివిస్తారు" అని, అవి పిల్లని నిజంగానే ఒక్క రోజులో ముదరబెట్టేస్తాయి.

శరీరం అలా అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 ఏళ్ళ నుంచి 19 ఏళ్ళ దాకా కౌమారమనే లెక్కపెడుతుంది. మొదటి రుతుస్రావం ఆ ఎదుగుదలలో నడిమి మెట్టు మాత్రమే, చివరి మెట్టు కాదు. ఆ తరవాత కూడా కొన్నేళ్ళపాటు కటి ఎముకలు ఎదుగుతాయి. ముందువెనకలు ఆలోచించి నిర్ణయం తీసుకునే మెదడు భాగమైతే ఇరవయ్యేళ్ళు దాటాక కూడా రూపు దిద్దుకుంటూనే వుంటుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అంటే మనం పెద్దమనిషి అంటున్నది ఇంకా దోరకి కూడా రాని కాయని!

ఈ తొందర మనకి కొత్త కాదు. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చువేసిన కన్యాశుల్కం మొదటి కూర్పుకి రాసిన పీఠికలో ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజావారు తయారుచేయించిన పట్టిక అది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళు 1,034 అందులోకి ఎక్కాయి. వాటిలో పెళ్ళికూతురికి అయిదేళ్ళున్నవి 99, నాలుగేళ్ళున్నవి 44. ఏడాది పాపలు కూడా ముగ్గురున్నారు. వాళ్ళలో ఎంతమంది తాళి అంటే ఏమిటో తెలియకుండానే దాన్ని పోగొట్టుకున్నారో. బాలవితంతువు అన్న మాట మన భాషలో పుట్టింది అలాంటి రోజుల్లోనే. బాల పక్కన ఆ రెండో మాట ఎలా ఇమిడిందో ఆలోచిస్తే గుండె చెరువవుతుంది.

ఆ తరవాత చట్టం ఒక్కొక్క మెట్టే ఎక్కింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళన్నది. 1949లో అది 15 అయింది. 1978లో ఆడపిల్లకి 18, మగపిల్లవాడికి 21 చేశారు. 2006లో బాల్యవివాహాల నిషేధానికి మరింత గట్టి చట్టం వచ్చింది. ఆడపిల్లకి కూడా 21 చేయాలని 2021లో లోక్‌సభలో బిల్లు పెట్టారు గానీ, 2024లో ఆ సభ రద్దవడంతో బిల్లు మురిగిపోయింది.

చట్టం ఇంత దూరం వచ్చినా మనం వచ్చామా? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ళ మధ్య వున్న స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం పైచిలుకు, తెలంగాణలో 23 శాతం పైచిలుకు. ఇదంతా ఎక్కడో పల్లెల్లో అనుకోకండి. మన ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి కూతురు ఏ తరగతి చదువుతోందో, హఠాత్తుగా బడి మానేసిందేమో ఒకసారి అడగండి. "పెద్దమనిషైంది కదమ్మా" అని ఆవిడ అంటే, "అయితే ఏం, చదువుకి అడ్డమా?" అనగలిగింది మనమే.

మామిడిపండ్ల వ్యాపారం తెలిసినవాళ్ళని అడిగితే ఒక మాట చెబుతారు. ఎదిగిన కాయని కోసి వరిగడ్డిలో మాగవేస్తే అదే పండుతుంది. కాయలోంచే ఎథిలీన్ అనే వాయువు పుట్టి దాన్ని పండిస్తుంది, గడ్డి ఆ వేడినీ వాయువునీ పట్టి వుంచుతుంది. ఎదగని పిందెని కోసి కార్బైడ్ పొట్లాల మధ్య పెడితే పైన పసుపురంగు వస్తుంది, లోపల పులుపూ చప్పదనం అలాగే వుంటాయి. కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడాన్ని మన దేశంలో చట్టం నిషేధించింది. కాయ విషయంలో మనకి ఈ సంగతి తెలుసు, అంచేత వాసన చూసి మరీ కొంటాం. పిల్లల్ని మాత్రం మనమే మాటల కార్బైడ్ వేసి మగ్గబెడుతున్నాం.

ఇక ఇంట్లో రెండో కొస చూద్దాం. అత్తగారో, అమ్మో, వాళ్ళని ముసలమ్మ అనడం పరిపాటి. ఆ మాట కూడా మొదటినుంచీ చులకన మాట కాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణం' కావ్యంలో ముసలమ్మ ముసలావిడ కాదు, ఇంటికి కోడలు. అనంతపురం దగ్గర చెరువు తెగకుండా తన ప్రాణమే ఇచ్చిన ఇల్లాలు. ఆడపిల్లకి ముసలమ్మ అని పేరు పెట్టుకున్న కాలం వుందంటే, ఆ మాటలో అప్పట్లో ఎంత గౌరవం వుండివుండాలి! ఇప్పుడు మనం "ముసలమ్మకేం తెలుసు" అంటున్నాం. అదే మనిషిని పెద్దావిడ అంటే నోరేం నొచ్చుకోదు, ఆవిడ ముఖం మాత్రం విప్పారుతుంది.

పెద్ద అన్న ఈ మాటకి ఇద్దరు పిల్లలు. ఒకరు పెద్దరికం, ఇంకొకరు పెత్తనం. పెద్దతనమే నోట్లో నలిగి పెత్తనమైంది. పుట్టుక ఒకటే అయినా గుణాలు వేరు. పెద్దరికం ఇంకొకరు ఇచ్చేది. పెత్తనం మనం లాక్కునేది. "అత్తయ్యా, ఈ పాకం చాలా, ఇంకాస్త వుంచనా?" అని కోడలు అడిగిందంటే అది పెద్దరికం. అడక్కుండానే గరిట లాక్కుంటే పెత్తనం. మొదటిది పండడం, రెండోది ముదరడం. ఏళ్ళు ఇద్దరికీ ఒకలాగే గడుస్తాయి. ఎవరు ఎటు వెళ్ళారన్నది పంచాంగం చెప్పదు, ఇంట్లోవాళ్ళు చెబుతారు.

కోడళ్ళకీ ఒక మాట. పెద్దావిడ చేతిలో గరిట వదలకపోవడానికి ఒక్కోసారి పెత్తనం కారణం కాదు, ఇంకెందుకూ పనికిరానేమోనన్న భయం. ఆవిణ్ణి రోజుకొక్క సంగతి అడిగి చూడండి. ఊరగాయ ఉప్పు అడగండి, పసివాడి కడుపునొప్పికి ఏం చేసేవారో అడగండి. సలహా పాటించాలా వద్దా అన్నది తరవాత, డాక్టరుకి చూపించవలసింది ఎలాగూ చూపిస్తారు. అడగడంలోనే సగం పని అయిపోతుంది.

అందుకని సోదరీమణులారా, ఈ వారం రోజులూ మీ ఇంట్లో వినబడే మాటల్ని కాస్త చెవిపెట్టి వినండి. ప్రశ్న వేసే పిల్లని ముదురు అని ఎవరైనా అంటే, చురుకైనదని సరిదిద్దండి. పెద్దమనిషైన పిల్లకి చీరె కట్టి ఫోటో తీయించండి, మర్నాడు పుస్తకాల సంచీ భుజాన వేసి బడికి పంపండి. సంబంధం కుదరని అమ్మాయి ముందు వయసు లెక్కలు తీయకండి, ఆ లెక్క ఆ అమ్మాయికి మనకన్నా బాగా వచ్చు. చిన్నవాళ్ళని లేతగా వుండనివ్వడం, పెద్దవాళ్ళని పండనివ్వడం, రెండూ మన నోటిలోనే వున్నాయి.